వణికిన గీత

ఆ వేసవి అంతా నేను మా ఆయన గీతలు దిద్దాను. తను అడగలేదు, నేను చెప్పలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురంలో నేను చేసిన దొంగతనం అదొక్కటే. అదీ పట్టపగలు, వంటింటి పక్క గదిలో, కిటికీ బార్లా తెరుచుకుని చేశాను.

మా ఇద్దరిదీ ఒకటే పని. బొమ్మల కథల పుస్తకాలకు టోనీ పెన్సిల్‌తో బొమ్మలు గీస్తాడు, వాటి మీద నేను సిరా పెడతాను. సిరా ఆరాక రబ్బరు తీసుకుని పెన్సిల్ చెరిపేస్తాను. అచ్చుకి వెళ్ళేది సిరా ఒక్కటే. ఈ వృత్తిలో పెన్సిల్ పట్టినవాడికి పేరొస్తుంది, సిరా పెట్టినదానికి నడుం నొప్పి వస్తుంది. నేను దాని గురించి గొడవపడటం మానేసి చాలా కాలమైంది.

మే నెలలో న్యూయార్క్ నుంచి వెనెస్సా ఫోన్ చేసింది. ఆ పిల్ల మా ఎడిటరు. మాకో అమ్మాయి పుట్టి ఉంటే ఆ వయసుండేది.

"టోనీ గారూ, స్టోకర్ మొదటి ఏడాది కథలు మళ్ళీ చెప్పాలనుకుంటున్నాం. ఈ కాలం వాళ్ళ కోసం, కొత్తగా. నాలుగు సంచికలు. వేసవిలో అయిపోవాలి. మీరు గీస్తారా?"

"గీయనంటే మా నాన్న సమాధిలోంచి లేచొచ్చి చెవి మెలిపెడతాడు," అన్నాడు టోనీ.

స్టోకర్ పాత బొమ్మల కథల వీరుడు, మా క్లీవ్‌లాండ్‌లోనే పుట్టాడు. ఓడ బాయిలర్‌లో బొగ్గు వేసే కూలీ. ఒక ప్రమాదం తర్వాత నిప్పు అతన్ని కాల్చదు, అంతే. పంతొమ్మిది వందల ముప్ఫైల చివర్లో ఇద్దరు కుర్రాళ్ళు గీసిన మొదటి కథల్లో అతనికి రాక్షసులెవరూ ఎదురవరు. తలుపులకు తాళాలేసి ఆడవాళ్ళ చేత బట్టలు కుట్టించే యజమానుల్నీ, మెట్లు విరిగినా అద్దె వసూలు చేసే ఇంటివాళ్ళనీ కాలరు పట్టుకుని నిలదీస్తాడు. తర్వాత కంపెనీ వాళ్ళు అతనికి వీపు మీద దుప్పటి కట్టి గ్రహాల మీదికి తరిమారు. టోనీ వాళ్ళ నాన్న సరస్సు మీద ఇనప రాయి మోసే ఓడల్లో బొగ్గు వేశాడు. ముప్ఫై ఏళ్ళుగా టోనీ ఎవరెవరి వీరుల్నో గీశాడు కానీ ఇతన్ని గీసే అవకాశం రాలేదు. అందుకని ఆ ఫోను పెట్టేసిన వెంటనే తను పెన్సిళ్ళు చెక్కడం మొదలుపెట్టాడు. నాకు మాత్రం భయమేసింది. తను కాఫీ కప్పు సాసర్ మీద పెట్టేటప్పుడు వచ్చే చప్పుడు నేను శీతాకాలం నుంచీ వింటున్నాను.

మొదటి పేజీల్లోనే తెలిసిపోయింది. ఎప్పుడూ ఒక్క ఊపులో దిగే భుజం గీత నాలుగు చోట్ల తడబడింది. ఎక్కడ ఉండాలో నాకు తెలుసు కనుక అక్కడే సిరా పెట్టాను. సిరా పెట్టేవాళ్ళు చేసేదే అది, పది పెన్సిల్ గీతల్లోంచి ఒకటి ఎంచుకోవడం. మొదటి వారం అలా సర్దిచెప్పుకున్నాను. రెండో వారానికి ఎంచుకోవడానికి అక్కడ ఒక్క మంచి గీతా లేదు.

టోనీ డాక్టరు దగ్గరికి అంతకుముందే వెళ్ళొచ్చాడు. డాక్టరు ఆ వణుకుకి ఒక పేరు పెట్టి, ఒక మాత్ర రాసి, రెండు నెలల తర్వాత రమ్మన్నాడు. మాత్ర నిద్ర తెచ్చింది, ఇంకేమీ తేలేదు. "ఎవరికీ చెప్పకు డాటీ," అన్నాడు టోనీ ఆ రోజు కారులో. "చెయ్యి పోయిందని తెలిస్తే మళ్ళీ ఎవడూ పెన్సిల్ పని ఇవ్వడు." నేను సరేనన్నాను. కానీ తనకే చెప్పకుండా దాస్తానని అప్పుడు అనుకోలేదు.

జూన్‌లో సరస్సు పురుగులొచ్చాయి. ప్రతి ఏడూ వస్తాయి, కుట్టవు, కరవవు, గోడలకీ కిటికీలకీ అతుక్కుని చచ్చిపోతాయి. తడి సిరా అంటే వాటికి మహా ఇష్టం. ఒక మధ్యాహ్నం నేను స్టోకర్ చెంప మీంచి ఒక పురుగుని పట్టకారుతో తీస్తుంటే మిల్కా వదిన దిగొచ్చింది. టోనీ అక్క. మా రెండిళ్ళ భవనంలో పై వాటా ఆవిడది, కానీ ఆవిడ నోరు మాత్రం రెండు వాటాల్లోనూ ఉంటుంది. చేతిలో సాసేజులు, పులిసిన క్యాబేజీ ఉన్న గిన్నె.

గిన్నె పెట్టకుండానే నా భుజం మీంచి చూసింది. ఒక పక్క నేను ఇంకా ముట్టుకోని పెన్సిల్ పేజీ, ఇంకో పక్క పూర్తయిన పేజీ.

"ఇది మావాడి గీత కాదు," అంది పూర్తయినదాన్ని చూపించి.

"మెల్లగా వదినా."

"వాడు బయట గడ్డి కోస్తున్నాడు. ఆ మిషన్ మోతలో ఇల్లు కూలినా వినపడదు. వాడికి మూడేళ్ళప్పుడు మా ఇంటి గోడలన్నీ బొగ్గుతో గీస్తే కడిగింది నేను. వాడి గీత నాకు తెలీదా? చెప్పావా వాడికి?"

"లేదు."

"ఎప్పుడు చెప్తావ్?"

"నాలుగు సంచికలూ అవనీ."

"నాలుగూ అయ్యాక చెప్పేదేముంటుంది పిల్లా, ఏడవడం తప్ప," అని గిన్నె పొయ్యి మీద పెట్టి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "సాసేజు చల్లారకముందే తినండి," అంది. నాకు ఆకలి లేదు. అప్పటికే రోజుకి పది గంటలు కూర్చుంటున్నాను. ఒక మనిషి పని చేయడం ఒక ఎత్తు, ఇద్దరి పనీ చేస్తూ ఒకరి పనే చేస్తున్నట్టు కనపడటం ఇంకో ఎత్తు.

మొదటి సంచిక స్కాన్ చేసి పంపాక వెనెస్సా ఫోన్ చేసింది. టోనీ ఫోను స్పీకర్లో పెట్టాడు, నేను కూడా వినాలని.

"టోనీ గారూ, చిన్నప్పట్నుంచీ మీ బొమ్మలు చూస్తున్నా. గీత ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదు. ఆఫీసులో అందరం గోడకి పెట్టుకుని చూశాం."

ఫోను పెట్టేశాక టోనీ తన కుడిచేతిని కిటికీ వెలుగులోకి చాపి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"విన్నావా? ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదట. నాకు అనిపించినంత వణకట్లేదన్నమాట. ఆ మాత్ర పనిచేస్తున్నట్టుంది డాటీ."

నేను సింకులో గిన్నెలు కడుగుతున్నాను. తిరిగి చూడలేదు. అప్పుడే చెప్పాల్సింది. అలసిపోయి ఉన్నాను, అంతకంటే సాకు లేదు. జులైలో డాక్టరు రమ్మన్న రోజున టోనీ వెళ్ళలేదు. "బాగానే ఉందిగా, ఎందుకు ఊరికే," అన్నాడు. ఆ రోజు నేను వేసిన గీతలంటే నాకే అసహ్యం వేసింది. అయినా వేస్తూనే ఉన్నాను.

మూడో సంచిక పదిహేడో పేజీ. ఆ పేజీ అంతా ఒకే పెద్ద బొమ్మ. బట్టల మిల్లులో కాలి కూలుతున్న మెట్లను స్టోకర్ భుజంతో ఎత్తి పట్టుకుంటాడు, ఆడవాళ్ళు దిగి పారిపోతారు. ఉదయమంతా దాని మీదే ఉన్నాను. మధ్యాహ్నం మిల్కా వదినని రక్తపోటు చూపించడానికి క్లినిక్‌కి తీసుకెళ్ళాలి. ఆలస్యమైపోతోందని ఆవిడ పైనుంచి నేల తన్నడం మొదలుపెట్టింది. సిరా ఇంకా ఆరలేదు. తడి సిరా మీద రబ్బరు పెట్టకూడదు. వచ్చాక చెరుపుదాంలే అని పేజీని బల్ల మీదే వదిలి పరిగెత్తాను. ఆ వేసవిలో అప్పటిదాకా ఒక్క పేజీని కూడా నేను అలా వదలలేదు.

తిరిగొచ్చేసరికి టోనీ నా కుర్చీలో ఉన్నాడు. చేతిలో రబ్బరు. నేను అలసిపోయానని చెరిపిపెడదామని కూర్చున్నాడు పాపం. రబ్బరు కాగితానికి తగల్లేదు. నల్లటి సిరా గీత పక్కనే బూడిద రంగు పెన్సిల్ గీత ఉంది. ఒకటి నిటారుగా దిగింది. రెండోది ఆసుపత్రి కాగితం మీద గుండె కొట్టుకున్నట్టు పైకీ కిందకీ పోయింది. రెండూ ఎక్కడా కలవలేదు.

"ఇదేంటి డాటీ?"

"పదిహేడో పేజీ."

"అది తెలుసు."

నేను పర్సు కింద పెట్టాను. తను ఇంకా కాగితాన్నే చూస్తున్నాడు.

"ఎప్పట్నుంచి?"

"మొదటి పేజీ నుంచి."

"అన్నీనా?"

"రెండో సంచికలో కుక్క ఉంది చూడు, దాన్ని ముట్టుకోలేదు."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"అయితే వెనెస్సా మెచ్చుకుంది నిన్నన్నమాట."

"టోనీ, నువ్వు ఎంత కాలంగా ఎదురుచూశావో నాకు తెలుసు కాబట్టి..."

"గీత దిద్దినందుకు కాదు," అన్నాడు మెల్లగా. "దిద్దితే దిద్దావు. నేను బాగున్నానని నన్ను నమ్మించావు. పక్కింటి వాళ్ళకి కూడా చెప్పుకున్నాను, తెలుసా?"

రబ్బరుని తీసిన చోటే పెట్టి, కుర్చీ సర్ది, ముందు వరండాలోకి వెళ్ళి కూర్చున్నాడు. అరిస్తే బాగుండేది. అరిచే మనిషి కాదు.

తొమ్మిది రోజులు అక్కడే ఉన్నాడు. రేడియోలో బేస్‌బాల్ పెట్టుకునేవాడు. మా ఊరి జట్టువాళ్ళు వరసగా ఓడిపోయేవాళ్ళు, తను వరసగా వినేవాడు. భోజనానికి పిలిస్తే వచ్చేవాడు, ఉప్పు అందించమంటే అందించేవాడు. తన బల్ల మీద నాలుగో సంచిక తెల్ల కాగితాలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. వెనెస్సా అడిగినప్పుడల్లా వస్తున్నాయమ్మా, వస్తున్నాయి అని నేను చెప్పేదాన్ని. అబద్ధం అలవాటైపోయింది.

"నువ్వే గీసెయ్," అంది మిల్కా వదిన మెట్ల మీద నిలబడి. "నీకు చేతనవును. ఎవరికి తెలుస్తుంది?"

"ఆయనకి తెలుస్తుంది."

"వాడికి ఇప్పుడు తెలియనిది ఏం మిగిలింది కనుక?"

ఆ మాటా నిజమే. పదో రోజు పొద్దున్నే నేనే మొదలుపెట్టాను, అదీ చివరి పేజీతో. నాలుగో కథ ముప్ఫైల నాటి కథల్లో నాకు ఇష్టమైనది. ఒకే పూట మూడు ఇళ్ళు అంటుకుంటాయి. స్టోకర్ ఏడుగురిని మోసుకొస్తాడు. నిప్పు అతన్ని కాల్చదు కానీ బరువు బరువే. చివరికి రోడ్డు పక్క గట్టు మీద కూలబడి, ఎవరో ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు పట్టుకోలేకపోతాడు. కథ అంతే. గెలిచానన్న మాట ఒక్కటి కూడా ఉండదు.

టోనీ మంచినీళ్ళ కోసం లోపలికొచ్చి నా వెనక ఆగాడు. నేను కాగితం దాచలేదు.

"బాగుంది," అన్నాడు.

"ఊరుకో."

"నిజంగానే. నాకన్నా బాగుంది. కానీ వీడు హాయిగా పడుకుని లేచినట్టున్నాడు."

చూశాను. నిజమే. ఏడుగురిని మోసిన మనిషిలా లేడు. దుకాణంలో బట్టలు తొడిగి నిలబెట్టిన బొమ్మలా ఉన్నాడు.

"మా నాన్న ఓడ దిగొచ్చిన రోజున చెంచా పట్టుకోలేకపోయేవాడు," అన్నాడు టోనీ. "నోటిదాకా వెళ్ళేసరికి సగం సూపు చొక్కా మీద ఉండేది. అమ్మ చూడనట్టు నటించేది. మేమూ చూడనట్టు నటించేవాళ్ళం. ఆయనకి అదే ఎక్కువ కోపం."

"అయితే అది గియ్యి."

"ఈ చేత్తోనా?"

"ఆ చేత్తోనే."

"నువ్వేం చేస్తావ్?"

"నువ్వెక్కడ వణికితే అక్కడే సిరా పెడతా. వెంట్రుక కూడా పక్కకి పోను."

గ్లాసు సింకులో పెట్టాడు. 

"నీ వల్ల కాదు. నీది రాయిలాంటి చెయ్యి."

"చూద్దాం," అన్నాను. ఆ మధ్యాహ్నం రేడియో మోగలేదు. పక్క గదిలోంచి పెన్సిల్ చప్పుడు వినపడింది. నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేదాన్ని.

నిజంగానే నా వల్ల కాలేదు. కావాలని వణికితే అది వణుకు కాదు, గౌను అంచుకి కుట్టిన లేసులా వస్తుంది. కలం మార్చాను, కుంచె మార్చాను, ఎడమచేత్తో ప్రయత్నించాను. నాలుగు కాగితాలు పాడయ్యాయి. ముప్ఫై ఏళ్ళు కదలకుండా ఉండటం నేర్పిన చేతికి కదలమని చెబితే వినలేదు. ఆగస్టు ఎండ, వీపు మీద చెమట, కాగితం మీద పడకుండా మెడకి తువ్వాలు. చివరికి కుంచె విసిరేసి, "రా, నువ్వే పట్టుకో," అన్నాను.

టోనీ నా వెనక నిలబడి నా మణికట్టు పట్టుకున్నాడు. నేను కుంచె పట్టుకున్నాను. తన వణుకు నా ఎముకలోకి వచ్చింది. పెళ్ళయిన కొత్తలో తప్ప మేమంత దగ్గరగా పనిచేసింది లేదు. బూడిద రంగు గీత వెంట నల్ల గీత వెళ్ళింది, అది తడబడిన చోట ఇదీ తడబడింది. తన చెయ్యి ఎంత అవస్థ పడుతోందో అప్పటిదాకా నాకు తెలియదు. చూడటం వేరు. ఒక్క గ్లాసు గీయడానికి అంత కష్టమా అనిపించింది.

పేజీకి రెండు రోజులు పట్టింది. చెరపడానికి నాకు ఓపిక మిగిలేది కాదు. మిల్కా వదిన ఆ పని తీసుకుంది. "నలభై ఏళ్ళు ఇస్త్రీ షాపులో పనిచేశాను, కాగితం నలక్కుండా చెరపడం నాకు నేర్పుతారా," అని కళ్ళజోడు సవరించుకుంది. పెన్సిల్ పోయాక పేజీ ఎత్తి వెలుగులో చూసి, "ఇది మావాడిది," అని మాత్రం అంది.

వెనెస్సాకి పంపిన మర్నాడే ఫోను.

"డాటీ గారూ, స్కానర్‌లో ఏదైనా తేడా వచ్చిందా? టోనీ గారికి ఒంట్లో..."

టోనీ నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"కావాలనే అలా గీశాం," అన్నాను.

"పైవాళ్ళు అడిగితే?"

"మొదటి ఏడాది పుస్తకాలు తీసి చూడమను. ఆ కుర్రాళ్ళ గీతలేమైనా ఇస్త్రీ చేసినట్టున్నాయా?"

 మళ్ళీ గీయించే సమయం వాళ్ళకీ లేదు, మేము అంత ఆలస్యం చేశాం. అచ్చుకి వెళ్ళిపోయింది. సెప్టెంబరులో టోనీ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు, నన్ను తోడు రమ్మన్నాడు.

నాలుగో సంచిక నవంబరులో బయటికొచ్చింది. మా వీధి చివరి బొమ్మల పుస్తకాల దుకాణంవాడు శనివారం సంతకాలు పెట్టమని పిలిచాడు. టోనీ వారం ముందునుంచే ఇంట్లో మెల్లగా కాగితపు చీటీల మీద సంతకాలు పెట్టుకుని ఉంచాడు. దుకాణంలో పుస్తకానికి చీటీ అతికించి ఇస్తే చాలు, ఎవరూ చెయ్యి చూడరు. పక్కన నా కుర్చీ. నేను జిగురు రాస్తున్నాను.

వరసలో ముందున్నవాడు నలభై దాటిన తపాలా ఉద్యోగి, యూనిఫాం కూడా విప్పలేదు. నాలుగు సంచికలూ ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకుని తెచ్చాడు.

"సార్, మొదటి మూడూ అద్భుతం," అన్నాడు టోనీతో. "నాలుగోది మాత్రం... మీ తప్పు కాదులెండి. సిరా పెట్టినావిడ పాడుచేసింది. గీతలన్నీ చెదిరిపోయాయి. మీ పెన్సిల్ ఎంత బాగుండి ఉంటుందో అనుకున్నాను."

ఆవిడ నేనేనని అతనికి తెలియదు. తెలిసినా అనేవాడేమో. బొమ్మ బాగుంటే పెన్సిల్ గొప్ప, బాగోకపోతే సిరా తప్పు, ముప్ఫై ఏళ్ళుగా వింటున్నాను.

"ఆ నెల నాకు ఒంట్లో బాలేదండీ," అన్నాను. "తొందరపడ్డాను."

మనసులో ఏ బాధా లేకుండానే అన్నాను. అతను సిగ్గుపడి, "పర్లేదండీ, ఎవరికైనా అవుతుంది," అన్నాడు. వెనక వరసలో వాళ్ళు తలలూపారు. నేను చీటీకి జిగురు రాసి టోనీకి అందించాను.

టోనీ చీటీ తీసుకోలేదు. దొంతరని పక్కకి జరిపాడు. నాలుగో సంచికని కవరులోంచి తీసి తన ముందు పరిచి, "ఆ పెన్ను ఇలా ఇవ్వు," అన్నాడు దుకాణంవాడితో.

ఆంటన్ జెలెజ్నిక్ అని తన పూర్తి పేరు రాయడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. పెన్ను మొన అట్ట మీద టకటకా కొట్టుకుంది. రెండో అక్షరం దగ్గర ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు, మళ్ళీ వదిలేశాడు.  తపాలా మనిషి ముందు పెన్నుని చూశాడు, తర్వాత చేతిని చూశాడు, తర్వాత ఎటు చూడాలో తెలియక నన్ను చూశాడు.

"ఆ గీతలు నావి," అన్నాడు టోనీ పుస్తకం అతని వైపు తిప్పి. "ఆవిడ ఒక్కటి కూడా తప్పనివ్వలేదు."

ఆ తర్వాత తనకి ఇంకెవరూ పెన్సిల్ పని ఇవ్వలేదు. ఆ సంగతి ఆ క్షణానే మా ఇద్దరికీ తెలుసు. వరసలో ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు. టోనీ ఒక్కొక్కరికీ చేత్తోనే సంతకం పెట్టాడు. దుకాణం మూసే వేళ దాటిపోయింది, బయట మంచు మొదలైంది, ఎవరూ తొందరపెట్టలేదు.